మెట్ల కింది గది

గోడ ఇంకా పచ్చిగానే ఉంది. దాన్ని తడపడానికి నీళ్లు తెచ్చిన ముసలమ్మ, బిందె చంకలోనే ఉంచుకుని గోడ మీద చెయ్యి పెట్టి నిలబడిపోయింది.

"ఇక్కడ తలుపుండాలి కదా, మేస్త్రీ?"

మేస్త్రీ తాపీ కడుక్కుంటూ తలెత్తలేదు. పొద్దున ఆ తలుపు పీకి, వెనకున్న గదిని ఇటుకలతో మూసింది ఆయనే. ఇటుకలు అందించింది మేం. ఆ గది ఏమిటో మాకు తెలియదా? తెలుసు. కూలి కోసం నోరు మూసుకున్నాం.

అది దొర కట్టించిన భవంతి. నాలుగు వైపులా వసారాలు, ఇద్దరు చేతులు చాచినా చుట్టు అందని టేకు స్తంభాలు. వాటిని మోసింది, గోడలకు సున్నం నూరింది మా తాతలే. మెట్ల కింద మాత్రం కిటికీ లేని గది, నడుమెత్తు ద్వారం. ఎంతటివాడైనా వంగే లోపలికి వెళ్లాలి. లోపలి గోడకు ఇనుప కడియం. ఇప్పుడు దొర మనవడు భవంతిని అతిథులకు అద్దెకిస్తాడట. వాళ్లకు స్తంభాలు కనిపించాలి, కడియం కనిపించకూడదు.

"భూమి అడిగాడని మా నాన్నను ఇందులో కట్టేశారు," అంది ముసలమ్మ. "బతికి బయటికి రాలేదు. ఆయన గుర్తంటూ నాకు మిగిలింది ఈ గదొక్కటే."

"పాత సంగతులు ఇప్పుడెందుకు? నీళ్లు కొట్టు," అన్నాడు కాంట్రాక్టరు.

ఆమె బిందె దించింది. "కొట్టను."

"పని పోతే తిండెవడు పెడతాడు?" మాలో ఒకడు గొణిగాడు.

"ఆ రోజు మీ తాత కూడా ఇదే అనుంటాడు. అందుకే మా నాన్న ఒంటరిగా పోయాడు."

సిగ్గుతో చచ్చిపోయాం. మేస్త్రీ లేచాడు. సుత్తి కూడా అక్కర్లేకపోయింది. సిమెంటు ఇంకా పట్టలేదు, ఇటుకలు చేతికే ఊడొచ్చాయి. పొద్దున అందించిన వరుసలోనే నిలబడి, ఒక్కొక్కటీ వెనక్కి అందుకున్నాం.

సాయంత్రానికి పోలీసులొచ్చారు.

"పగలగొట్టిందెవడు?"

"నేనే," అన్నాడు మేస్త్రీ. "కట్టిందీ నేనే. ముందు ఆ తప్పు రాసుకోండి."

ఆయన్ని జీపెక్కించారు.

మర్నాడు కాంట్రాక్టరు పక్క ఊరి నుంచి కొత్త మేస్త్రీని తెచ్చాడు. అతను ద్వారం ముందు ఆగిపోయాడు. లోపల ముసలమ్మ, ఆమె పక్కన మేం, మా పక్కన మా ఆడవాళ్లు, మోకాళ్లు మోకాళ్లు తగిలేలా ఇరుక్కుని కూర్చున్నాం.

"కట్టు నాయనా," అంది ముసలమ్మ. "మేం లోపలే ఉంటాం."

కాంట్రాక్టరు అరుస్తూనే ఉన్నాడు. కొత్త మేస్త్రీ తాపీ గడప బయట పెట్టి, నడుం వంచి లోపలికొచ్చాడు.

"కాస్త జరగండి," అన్నాడు.