గడప అవతలి పురుడు

గారడ్ గారి బండి నా గుమ్మం ముందు నిలిచే ఉంది. ఆయన థార్న్‌కోట్ ఊరి పేదల పెత్తందారు; ఊరి సొమ్ముతో పేదల్ని పోషించే లెక్కలు ఆయన చేతిలోవే. బండిలో టామ్సిన్ నొప్పులతో మెలికలు తిరుగుతోంది. దిక్కులేని, పెళ్లికాని పిల్ల. బిడ్డ ఏ ఊరి నేల మీద పుడితే ఆ ఊరే పోషించాలి. అందుకే ఆమెను వాగు వంతెన దాటించి పక్క ఊరు ఆష్‌వెల్‌లో దింపేసి చేతులు దులుపుకోవాలని ఆయన తొందర.

రెండేళ్ల కిందట హన్నా అనే నిండు గర్భిణినీ అలాగే తీసుకెళ్లారు. ఆమె వంతెన మధ్యలో, కడుపులో బిడ్డతోనే పోయింది. ఏ ఊరివాళ్లూ తమ చర్చి పుస్తకంలో పేరు రాసుకోలేదు. ఆ రోజు నేనూ బండి పక్కనే నడిచాను. మంత్రసానినై ఉండి నోరు మెదపలేదు. ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంది.

బండి అక్కర్లేదన్నాను. వాగు వెంబడి వచ్చే రెండు ఊళ్ల పొలిమేర ఇక్కడ మలుపు తిరిగి నా ఇంటి మధ్య గడప మీదుగా పోతుంది. ఏటా వసంతంలో హద్దు మరిచిపోకుండా ఊరంతా పొలిమేర వెంబడి నడిచేటప్పుడు పాస్టరుగారు తూర్పు కిటికీలోంచి లోపలికి దిగి, గడప వెంబడి నడిచి, పడమటి కిటికీలోంచి బయట పడతారు. ఆయన బొజ్జ పెరుగుతోంది గానీ నా కిటికీ పెరగడం లేదు. పొయ్యి ఉన్న ముందు గది థార్న్‌కోట్, వెనక గది ఆష్‌వెల్. వెనక గదిలో పడుకోబెడితే సరిపోతుందన్నాను. గారడ్ సంతోషించి, మంచం ఇటు జరగకుండా గడప మీదే కాపలా నిలబడ్డాడు.

ఆ గదిలో గోడలు చెమ్మ, కిటికీకి మంచు. మధ్యాహ్నమైనా బిడ్డ దిగలేదు. టామ్సిన్ పెదాలు నీలంగా మారాయి.

"చలేస్తోందమ్మా," అంది. ఆ తర్వాత మాట రాలేదు.

నేను ఆమె చంకల కింద చేతులు వేసి లేపాను. గారడ్ కదల్లేదు.

"జూడిత్, గడప దాటించావంటే ఈ ఊళ్లో ఇంకెవరూ నిన్ను పురుటికి పిలవరు. ఆలోచించుకో."

ఆలోచించాను. నాకున్నది ఆ పనొక్కటే.

"అయ్యా, ఆ రోజు హన్నా చెయ్యి బండిలోంచి వేలాడుతుంటే పైకెత్తి పెట్టింది మీరే. ఎంత చల్లగా ఉందో మీకు గుర్తుండే ఉంటుంది."

ఆయన నా ముఖంలోకి చూడలేదు. గడప దిగి, వచ్చి పిల్ల కాళ్లు పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి పొయ్యి దగ్గర పడుకోబెట్టాం. గంట తిరక్కుండా ఆడపిల్ల పుట్టింది.

ఆదివారం బాప్తిస్మం అయ్యాక చర్చి గుమాస్తా పుస్తకం తెరిచి, పుట్టిన ఊరేదని అడిగాడు. నేను గారడ్ వైపు చూశాను.

"థార్న్‌కోట్," అన్నాడు గారడ్. "పేరు హన్నా. సిరా బాగా ముంచి రాయవయ్యా."