ఆటవారం తిట్లు

ఆర్విడ్ టెస్మర్ ప్లేటులో మిగిలిన గుడ్డు సొనని రొట్టెముక్కతో శుభ్రంగా తుడిచి నోట్లో వేసుకుని, కాఫీ కప్పు ముందుకి జరిపాడు. నోటితో అడగక్కర్లేదు. హోటలు నడిపే థెల్మా కౌంటర్ అవతలి నుంచి వంగి కప్పు నింపింది. బుధవారం పొద్దున రెండో కప్పు తాగితే గానీ ఆర్విడ్ నోరు విప్పడని మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఈ బుధవారం రెండో కప్పు అయిపోయింది గానీ నోరు పెగల్లేదు.

"ఏమయ్యా ఆర్విడ్, శనివారమే ఆట. రాశావా లేదా?" అంది థెల్మా.

"రాశాను."

"గాడిదల్ని ఈసారి ఏమని తిట్టావు?"

"రేపు పేపర్లో చూసుకో."

"నీ రాత వచ్చేది నది అవతలి పేపర్లో కదా! దానికోసం నేను బ్రిడ్జి దాటి వెళ్ళాలా? మా నాన్న సమాధిలోంచి లేచొచ్చి తంతాడు."

పక్క స్టూళ్ళ మీద ఉన్నవాళ్ళు నవ్వారు. ఆర్విడ్ నవ్వలేదు. ముదురు గోధుమరంగు కోటు జేబులో మడిచి పెట్టుకున్న కాగితాలని పైనుంచే ఒకసారి తడిమి చూసుకున్నాడు. పొడుగు మనిషి. టైపుమిషన్ ముందు కూర్చుని కూర్చుని మెడ ముందుకి వంగిపోయింది. ఎడమ చెవి సరిగ్గా వినబడదు. అందుకని ఎవరు మాట్లాడినా తల పక్కకి వాల్చి వింటాడు. అది చూసి కొత్తవాళ్ళు ఈయనెవరో మహా శ్రద్ధగల మనిషి అనుకుంటారు.

మా కెల్బీకీ నది అవతలి వోల్టన్‌కీ మధ్య పగ రెండు ఊళ్ళలోని కాలేజీలంత పాతది. మా జట్టు పేరు కొంగలు, వాళ్ళ జట్టు పేరు కంచరగాడిదలు. ఆ పేర్లు పెట్టినవాడెవడో గానీ పుణ్యం కట్టుకున్నాడు, తిట్టుకోడానికి మాటలు వెతుక్కునే పని లేకుండా చేశాడు. ఏటా నవంబరులో అమెరికన్ ఫుట్‌బాల్ చివరి ఆట ఈ రెండు జట్ల మధ్యే. ఆ వారం రెండు ఊళ్ళ పత్రికలూ రాతగాళ్ళని మార్చుకుంటాయి. రాబోయే ఆట గురించి వాళ్ళ పత్రికలో మావాడు రాస్తాడు, మా పత్రికలో వాళ్ళవాడు రాస్తాడు. రాయడమంటే తిట్టడమే. అవతలివాళ్ళని మెచ్చుకుంటూ ఒక్క మాట పడకూడదు. మెచ్చుకోలు పోయినవాళ్ళకి. నది అవతలి మనిషి గురించి మావాళ్ళు మంచిమాట రాశారంటే, ఆ మనిషి శవపేటికలో ఉన్నట్టే లెక్క.

వోల్టన్ తరఫున రాసేది లాడిస్ కూబిక్. ముప్పై ఏళ్ళ పైచిలుకు ఈ తిట్లు ఈ ఇద్దరివే. కూబిక్‌కి ఎండాకాలంలో కడుపులో పుండని తేలింది, అది మామూలు పుండు కాదని తర్వాత తేలింది. ఆకులు రాలేనాటికి వాళ్ళ ఊళ్ళోని వృద్ధుల ఆశ్రమంలో మంచాన పడ్డాడు. అయినా తన వంతు ఎగ్గొట్టలేదు. మార్సెల్లా అనే నర్సుకి చెప్పి రాయించి సోమవారానికల్లా పంపించాడు. "కెల్బీ కొంగలు ఈ ఏడు కూడా ఒంటికాలి మీద నిలబడి జపం చేసుకుంటాయి. చేప మాత్రం మా నోట్లో పడుతుంది" అని మొదలుపెట్టాడు. దాన్ని అచ్చుకి సరిచూస్తూ ఆర్విడ్ ఒక్కడే గదిలో గట్టిగా నవ్వాడు. నవ్వి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

తనవంతు రాయడానికి కూర్చుంటే మాత్రం చేతులు రాలేదు.

ఆర్విడ్ బతుకంతా ఆ పత్రిక ఆఫీసులోనే గడిచింది. ఆటలు రాస్తాడు. చర్చిలో భోజనాల వార్తలు, మొదటి మంచు, ఎవరి గడ్డికొట్టంలో నిప్పంటుకుంది, ఎవరు పోయారు, అన్నీ అతనే రాస్తాడు. ఖాళీ ఉంటే ట్రాక్టర్ల కొట్టుకి వెళ్ళి ప్రకటనలు అడుక్కొస్తాడు. పెద్ద నగరం పత్రికలో చేరాలని కుర్రతనంలో ఉండేది. ఒకటి రెండుసార్లు పిలిచారు కూడా. మొదటిసారి తల్లికి బాగాలేదు, రెండోసారి నవంబరు. నవంబరులో ఎలా వెళతాను అన్నాడట. భార్య వెర్నా ఆ మాట చెప్పుకుని నవ్వేది. వెర్నా పోయి ఆరేళ్ళయింది, పిల్లల్లేరు.

మంగళవారమంతా తంటాలు పడి రాశాడు. వోల్టన్‌ని తిట్టడానికి ఈ ఏడు కొదవేమీ లేదు. వరసపెట్టి ఓడిపోయారు. బంతి విసిరే కుర్రాడికి భుజం ఎముక విరిగింది. కానీ మిషన్ మీద వేళ్ళు వేసేసరికి మంచం మీద కూబిక్ కనిపించాడు. కాగితం మీద వేరే మాటలు పడ్డాయి. "వోల్టన్ కుర్రాళ్ళు ఎన్నిసార్లు పడ్డా లేచి నిలబడ్డారు. ఆ పట్టుదల వాళ్ళ ఊరి నీళ్ళలోనే ఉంది. శనివారం వోల్టన్ ఇరవై ఒకటి, కెల్బీ ఇరవై." చదువుకుంటే బాగానే ఉందనిపించింది. వాడు సంతోషిస్తాడు అనుకున్నాడు. అంతకంటే తనకి కావలసింది లేదు. ఈ ఒక్కసారికి వాణ్ణి సంతోషపెట్టాలి.

థెల్మా దగ్గర్నుంచి లేచి, ట్రక్కులో బ్రిడ్జి దాటి, ముందు వోల్టన్ పత్రిక ఆఫీసులో ఆగాడు. సాయంత్రానికి వాళ్ళది అచ్చుకి వెళ్ళాలి. సంపాదకురాలు లెనోర్ నిలబడే చదివింది. చదివి కాగితం కిందికి దించింది.

"ఇంత మంచిగా రాశావేంటి ఆర్విడ్?"

"బాగాలేదా?"

"బాగుంది. అదే భయంగా ఉంది" అంది. ఇంకేమీ అనకుండా లోపల అక్షరాలు కూర్చేవాళ్ళకి ఇచ్చింది.

దాని నకలు జేబులో పెట్టుకుని ఆశ్రమానికి వెళ్ళాడు. ఉడికించిన క్యాబేజీ వాసన, నేల తుడిచిన మందు వాసన కలిసి వస్తున్నాయి. కూబిక్ మూడు దిళ్ళకి ఆనుకుని కూర్చున్నాడు. ఒకప్పుడు మంచి కండగల మనిషి, ఇప్పుడు దుప్పటి కింద ఉన్నాడో లేడో తెలియడం లేదు. నెత్తిన మాత్రం మెరూన్ రంగు ఉన్ని టోపీ, దాని కొసన కుచ్చు.

ఆ టోపీ వెర్నా అల్లింది. ఒక వైపు మా మెరూన్, తిరగేస్తే వాళ్ళ ఆకుపచ్చ. ఆటలో ఓడిన ఊరి రాతగాడు గెలిచినవాళ్ళ రంగు పైకి పెట్టుకుని, మళ్ళీ ఏడు ఆట దాకా ఆ టోపీతోనే తిరగాలి. పోయినేడు కెల్బీ గెలిచింది. మందులకి కూబిక్ జుట్టంతా రాలిపోయాక ఆ టోపీయే నెత్తిని వెచ్చగా ఉంచుతోంది. ఆ సంగతి చచ్చినా ఒప్పుకోడు.

"ఆలస్యమైందేం? కొంగ రెక్కకి దెబ్బ తగిలిందా?" అన్నాడు కూబిక్. గొంతు గాలిలా వచ్చింది.

"మూసుకుని విను" అని ఆర్విడ్ కుర్చీ లాక్కుని చదివాడు.

కూబిక్ కళ్ళు మూసుకుని విన్నాడు. చదవడం అయిపోయాక కూడా తెరవలేదు. సంతోషపడుతున్నాడనే ఆర్విడ్ అనుకున్నాడు.

"నేనెప్పుడు పోయాన్రా?" అన్నాడు కూబిక్.

"అదేం మాట?"

"మరదేంటి నువ్వు చదివింది? శవం పక్కన నిలబడి చదివేది కదూ. లేచి నిలబడ్డారట, నీళ్ళలో ఉందట! ఇరవై ఒకటి, ఇరవై! ముప్పై ఏళ్ళలో ఎప్పుడైనా మేం గెలుస్తామని రాశావా నువ్వు?"

"ఈసారి నిజంగానే అనిపించింది."

"అబద్ధం. ఈసారి మాది చెత్త జట్టు. గుడ్డివాడు కూడా చెప్తాడు." దగ్గు వచ్చి ఆగాడు. మార్సెల్లా గుమ్మంలోకి వచ్చి చూసి వెళ్ళింది. "వెర్నా పోయింది కూడా ఆటవారంలోనే. అప్పుడు నేనేం రాశాను?"

ఆర్విడ్‌కి గుర్తుంది. ఆ ఏడు కూబిక్ ఎప్పటికంటే ఘోరంగా తిట్టాడు. కెల్బీ జట్టుని, కోచ్‌ని, ఆర్విడ్ చొక్కాలని కూడా వదల్లేదు. భార్య పోయినవాడి గురించి అలా రాస్తావా, మనిషివేనా అని రెండు ఊళ్ళవాళ్ళూ కూబిక్ మొహాన ఉమ్మినంత పని చేశారు. కానీ ఖాళీ ఇంట్లో ఆ పత్రిక ముందు పెట్టుకుని ఆర్విడ్ కడుపు పట్టుకుని నవ్వాడు. అందరూ తనని గాజుగ్లాసులా చూస్తుంటే, అతనొక్కడే మనిషిలా చూశాడు. ఆ రాత్రి అన్నాళ్ళ తర్వాత నిద్ర పట్టింది.

"అప్పుడు నాకు తెలిసింది, ఇప్పుడు నీకు తెలీదా?" అన్నాడు కూబిక్. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపానికో, నొప్పికో. "పో. సరిగ్గా రాసుకురా. ఇలాంటిది నా పేపర్లో పడితే నేను నిజంగానే పోయానని నాకే నమ్మకం కలుగుతుంది." గోడవైపు తిరిగిపోయాడు.

ఆర్విడ్ వెళ్ళి ఆశ్రమం భోజనాల గదిలో కూర్చున్నాడు. పక్క బల్ల దగ్గర ఒక ముసలామె వణికే చెంచాతో ఎర్ర జెల్లీ తింటోంది. ఆర్విడ్‌కి సిగ్గుగా ఉంది. జాలిపడి స్నేహితుణ్ణి బతికుండగానే పూడ్చి వచ్చాడు. పెన్సిల్ తీసి, కాగితం వెనక్కి తిప్పి మొదలుపెట్టాడు. ఈసారి చెయ్యి ఆగలేదు. మధ్యలో తనలో తనే నవ్వుకుంటుంటే ఆ ముసలామె చెంచా ఆపి చూసింది.

"అయిందా?" అన్నాడు కూబిక్, ఆర్విడ్ మళ్ళీ గదిలోకి రాగానే, ఇటు తిరగకుండానే.

"వోల్టన్ గాడిదలకి ఈ ఏడు గడ్డి దండగ" అని చదవడం మొదలుపెట్టాడు ఆర్విడ్. "బంతి విసిరే కుర్రాడి భుజం విరిగిందంటున్నారు. విరక్క ముందు అతను విసిరిన బంతి ఎవరికి అందిందో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. శనివారం పదకొండు మంది మైదానంలోకి వస్తారు. పదకొండు మందినీ ఒకే దిక్కుకి పరిగెత్తించగలిగితే ఆ కోచ్‌కి నేనే విగ్రహం పెట్టిస్తాను."

కూబిక్ మెల్లగా ఇటు తిరిగాడు. ఆర్విడ్ చదువుతూనే ఉన్నాడు.

"ఇక వోల్టన్ పత్రికలో రాసే ఒక ముసలాయన ఉన్నాడు. ఆటగాడిగా ఉన్న రోజుల్లో ఆయన బట్టలకి మట్టి అంటలేదు. రాతగాడయ్యాక ఆయన రాతకి నిజం అంటలేదు. కెల్బీ ముప్పై ఎనిమిది, వోల్టన్ సున్నా."

కూబిక్ నవ్వాడు. శబ్దం రాలేదు, దుప్పటి కదిలింది. మట్టి సంగతి వాళ్ళిద్దరికే తెలుసు. కుర్రాళ్ళుగా ఇద్దరూ తమ తమ జట్లలో ఆడే వంతు రాక ఆట మొత్తం బెంచీ మీదే కూర్చున్నారు. వాన కురిసి మైదానం బురదైపోయిన ఒక రోజు, ఆట అయ్యాక ఇరవై రెండు మంది బురదబొమ్మల మధ్య శుభ్రమైన బట్టలతో ఎదురుపడ్డారు. "మీ అమ్మకి కూడా బట్టలుతికే చాకిరీ తప్పిందన్నమాట" అన్నాడు కూబిక్. వాళ్ళ మొదటి మాట అదే.

"సున్నా ఏంట్రా దుర్మార్గుడా, ఒక మూడు పాయింట్లైనా ఇవ్వు."

"ఇవ్వను."

"ముసలాయన అని మర్యాదొకటా? ముసలాడు అని దిద్దు."

ఆర్విడ్ దిద్దాడు. కూబిక్ అతని చేతిమీద చెయ్యి వేసి, తీసేశాడు. "ఇదీ రాత. పో, అచ్చుకి వేళవుతోంది."

లెనోర్ రెండోది చదివి ఊపిరి వదిలింది. "హమ్మయ్య" అంది. కూర్చిన అక్షరాలు విప్పి మళ్ళీ కూర్చాలని లోపల ఎవరో సణిగారు. ఆర్విడ్ దారిలో ఆగి రెండు దాల్చినచెక్క రొట్టెలు కొన్నాడు. కూబిక్ తినలేడని తెలుసు, వాసనైనా చూస్తాడని.

తిరిగి వచ్చేసరికి మార్సెల్లా గదిముందు నిలబడి ఉంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆమె మొహం చూడగానే అర్థమైంది.

"ఇంకో చెవి వైపు చెప్పమ్మా" అన్నాడు, వినబడనట్టు. ఆమె ఇటు వచ్చి చెప్పింది. మీరు వెళ్ళిన కాసేపటికే అంది. నొప్పి పడలేదు అంది. ఆర్విడ్ రొట్టెల సంచీ రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. అది ఇంకా వెచ్చగా ఉంది.

"పోయే ముందు టోపీ తీసి తిరగేశారండి" అంది మార్సెల్లా. "వేళ్ళు ఆడడం లేదు. నేను చేస్తానన్నా ఒప్పుకోలేదు. ఆకుపచ్చ పైకి పెట్టి, ఇది వాడికివ్వు, శనివారం నుంచి వాడే పెట్టుకోవాలి అన్నారు. పక్కకి తిరిగి పడుకున్నారు. నిద్రపోతున్నారనుకున్నాను."

హాల్లో ఫోను మోగింది. ఆర్విడ్‌కే. లెనోర్‌కి అప్పటికే కబురు అందింది. ఏడుస్తూనే మాట్లాడింది.

"అచ్చు మిషన్ ఆపించాను ఆర్విడ్. మొదటిది తీసి ఉంచాను, అదే వేద్దాం. ఆ ముసలాడి ముక్క ఇప్పుడెలా వేస్తాం? అతను పోయిన మర్నాడే చదివితే ఊళ్ళో నిన్ను బతకనివ్వరు."

"రెండోదే వెయ్యి."

"మీ ఊళ్ళోవాళ్ళు కూడా ఊరుకోరయ్యా. బాగా ఆలోచించు."

"వాడు విని ఒప్పుకున్నది అదే లెనోర్. ఒక్క అక్షరం మార్చకు." ఆర్విడ్ గోడకి తల ఆనించాడు. "పోయినట్టు మొదటి పేజీలో వేసుకో. ఆటల పేజీలో మాత్రం వాణ్ణి పోనివ్వకు."

లోపలికి వెళ్ళి కూబిక్ పక్కన కూర్చున్నాడు. టోపీ లేని బోడితల చిన్నపిల్లాడి తలలా ఉంది. అక్కడెవరూ లేరు గనక ఆర్విడ్ ఏడ్చాడు, చొక్కా చేతితో ముక్కు తుడుచుకుంటూ, చాలాసేపు. తర్వాత దుప్పటి మెడదాకా లాగి, రొట్టెల సంచీ మార్సెల్లా బల్ల మీద పెట్టి, ట్రక్కు దగ్గరికి వచ్చాడు.

పొద్దు వాలుతోంది. వోల్టన్ మైదానంలో గాడిదలు సాధన చేస్తున్నట్టున్నాయి, ఈల వినబడుతోంది. ఆర్విడ్ బ్రిడ్జి మీద నెమ్మదిగా వెళ్ళాడు. రేపు థెల్మా కాఫీ పోస్తుందో లేదో తెలియదు. పక్క సీటు మీద టోపీ ఆకుపచ్చ వైపు పైకి ఉంది, వెర్నా ఎన్నిసార్లు కుట్టినా నిలవని ఆ కుచ్చు ఒక్క దారానికి వేలాడుతూ.