పార ఎత్తిన పూట

మంచులో జారకుండా ట్రాక్టరు వెనక చక్రానికి చుట్టే గొలుసు కొక్కెం పట్టడం లేదు. ఇది మూడోసారి. చేతి తొడుగు తీస్తే వేళ్లు కొంకర్లు పోతాయి, ఉంచుకుంటే కొక్కెం చిక్కదు. ఎల్మర్ హకాలా తొడుగును పళ్లతో లాగేసి, వట్టి వేళ్లతో కొక్కెం తగిలించి, ఆ వేళ్లను చంకలో పెట్టుకుని గరాజు మధ్యలో నిలబడ్డాడు. బయట మంచు మోకాలి దాకా పేరుకుంది. ఇంకా పడుతూనే ఉంది.

అరవై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టి, గట్టి. కుడి భుజం ఎడమదానికన్నా ఒక అంగుళం కిందికి దిగి ఉంటుంది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఊరి బళ్లో నేలలు తుడిచి బాయిలర్ చూసుకునే పని. అన్నేళ్లలో పెట్టిన సెలవులు మూడే మూడు. ఇవాళ్టిది మూడోది.

ట్రాక్టరు అతనికన్నా మొండిది. పెరట్లో పచ్చిక కోసుకునే కరెంటు బండి. సీటు కింద ఆరు బ్యాటరీలు, ముందు మంచు చిమ్మే మర. రాత్రంతా ఛార్జింగ్ పెట్టి, పైన పాత బొంత కప్పినా ఈ చలికి సగం బలమే ఇస్తుంది. ఆ సగంతో గరాజు నుంచి రోడ్డు దాకా దారిని మహా అయితే రెండుసార్లు తీయొచ్చు. ఇలా పడితే ఇవాళ మూడుసార్లు తీయాలి. మూడింటికి వ్యాను వస్తుంది.

"ఏరా ఎల్మర్, ఇవాళ కూడా ఆ మిక్సీ బండేనా?" పక్కింటి డ్వేన్ తన పెట్రోలు మరను ఆపి అరిచాడు. "నా బండి తెస్తానుండు. పది నిమిషాల పని."

"నీ బండి మంచుతో పాటు నా కంకర కూడా ఎత్తుకుపోతుంది. నీ వాకిలి చూసుకో పో."

పెట్రోలు దండగని ఎల్మర్ ఆ బండి వాడతాడనుకుంటారు వీధిలో. నిజం వేరు. పెట్రోలు మర రొదలో చెంచా వినబడదు.

వంటింటి కిటికీ దగ్గర అతని భార్య ఐలా కూర్చుని ఉంటుంది. పదహారేళ్ల కిందట ఈ బండి కొన్నప్పటి నుంచీ అదే చోటు. చెంచాతో అద్దం మీద ఒకసారి కొడితే ఎడమ పక్క వదిలేశావని, రెండుసార్లయితే కుడి పక్క, మూడుసార్లయితే కాఫీ. ఎనిమిది నెలల కిందట రెండోసారి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. చెంచా పట్టేది కుడి చెయ్యి కనుక మొగుడి మీద పెత్తనానికి ఏ లోటూ రాలేదు.

టక్.

"చూశానే, చూశాను," అని గొణుక్కుంటూ ఎడమకి తిప్పాడు.

పదింపావుకి దారి మొదటిసారి పూర్తయింది. పది ఇరవైకి కర్ట్ నడిపే మంచు లారీ వచ్చింది. ముందున్న పెద్ద పారతో రోడ్డు మీది మంచునంతా తోసుకొచ్చి, ఎల్మర్ తీసిన దారి మూతికి నడుమెత్తు గట్టు పోసి పోయింది. ఎల్మర్ పిడికిలి చూపించాడు. కర్ట్ అద్దంలోంచి సెల్యూట్ కొట్టాడు. ఇరవై ఏళ్లుగా వాళ్లిద్దరి పలకరింపు అదే. కర్ట్ ఎవరి ఇంటి ముందూ పార ఎత్తడు, అత్తగారి ఇంటి ముందైతే అసలే ఎత్తడు. అంబులెన్సు రావలసిన ఇంటి ముందు, శవపేటిక బయల్దేరే ఇంటి ముందు మాత్రం గట్టు పడకుండా ఎత్తుతాడు. ఆ ఊళ్లో లారీ తోలిన వాళ్లందరిదీ అదే పద్ధతి.

లారీ పోసే గట్టు మామూలు మంచు కాదు. ఉప్పు, ఇసుక, గడ్డలు కలిసిన ముద్ద. మర దాన్ని కొరికి, మూలిగి, ఆగి, మళ్లీ కొరికింది. ఛార్జి ముల్లు ఎర్ర గీత వైపు జారుతోంది. వెనకాల, తీసిన దారి మళ్లీ తెల్లబడుతోంది.

పన్నెండున్నరకి ఎల్మర్ బండి ఆపేశాడు.

నలభై మైళ్ల దూరంలో, లేవలేని వాళ్లను చూసుకునే ఆశ్రమం నుంచి నిన్న ఎవరో అమ్మాయి ఫోన్లో ఎంతో మర్యాదగా చెప్పింది. ఐలాకి ఇచ్చిన మంచం ఇవాళ్టి దాకానే ఆపుతారట. మూడింటికి వ్యాను ఎక్కించలేకపోతే జాబితాలో తర్వాతివాళ్లకి ఇచ్చేస్తారట. ఎనిమిది నెలలు ఎదురుచూసిన మంచం. దారి మూసుకుపోయిందంటే ఎవరేమంటారు? మంచును ఎవరు తిడతారు?

టక్ టక్ టక్.

బూట్లు దులుపుకుని లోపలికి వెళ్లాడు. ఐలా ముందు కాఫీ కప్పు ఉంది, పక్కన సగం తిన్న యాలకుల రొట్టె. జుట్టు అతనే దువ్వాడు పొద్దున. పాపిట వంకరగా వచ్చింది.

"ఎందుకాపావ్?" అంది. మాట ఒక పక్కకి జారుతుంది గానీ పదును పోలేదు.

"ఛార్జి అయిపోయింది."

"అబద్ధం. అయిపోతే బండిని తిడతావ్. నువ్వు తిట్టలేదు."

ఎల్మర్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"పోయిన నెల నన్ను లేపబోయి నువ్వూ పడ్డావ్," అంది ఐలా. "నాలుగ్గంటలు బాత్‌రూమ్‌ గచ్చు మీద ఇద్దరం. డ్వేన్ గాడొచ్చి ఎత్తాడు, నా ఒంటి మీద తువ్వాలు కప్పి. ఆ గచ్చు మీద ఇంకోసారి పడుకోను, ముసలాడా. పో. తీయ్."

"అక్కడ కాఫీ బాగోదు."

"ఇక్కడ బాగుంటుందా? నువ్వేగా పెట్టేది."

వెళ్లాడు. గరాజు వైపు నుంచి దారంతా మళ్లీ తీసుకుంటూ వచ్చాడు. గట్టు సగం తెగాక బండి నిజంగానే చచ్చింది. ఈసారి వీధంతా వినబడేలా తిట్టాడు. కిటికీలో ఐలా నవ్వడం, ఒక పక్క మాత్రమే పైకి లేచే ఆ నవ్వు, కనబడింది. మిగతా గట్టు చేతి పారతో కొట్టాడు. రెండున్నరయ్యేసరికి వ్యాను పట్టేంత మూతి తెరుచుకుంది. చెమట మెడ మీదే గడ్డ కట్టింది.

అప్పుడు కర్ట్ లారీ రెండోసారి వచ్చింది.

ఎల్మర్ పారతో రోడ్డుకి అడ్డంగా నిలబడి పిడికిలి ఎత్తాడు. లారీ నెమ్మదించింది. అతను పక్కకి తప్పుకునే దాకా ఆగి, అతని ఇంటి సరిహద్దు దగ్గర మూలుగుతూ పార పైకెత్తింది. దారి మూతి ముందు నుంచి గుప్పెడు మంచు కూడా రాల్చకుండా దాటింది.

"దించరా!" అని అరిచాడు ఎల్మర్. "దించు! ఇక్కడెవరూ చావలేదు!"

కర్ట్ సెల్యూట్ కొట్టలేదు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. డ్వేన్ ఇల్లు రాగానే పార మళ్లీ దిగింది. తన మర ఆపుకుని నిలబడ్డ డ్వేన్ వాకిలి ముందు గట్టు లేచింది. అతను చేతి పార తీసుకుని ఆ గట్టు తవ్వడం మొదలుపెట్టాడు.

ఊరందరికీ తెలుసన్నమాట.

మూడుకి ఐదు నిమిషాలుండగా వ్యాను ఎక్కడా జారకుండా ఇంటి మెట్ల దాకా వచ్చింది. ఇద్దరు కుర్రవాళ్లు ఐలాను కుర్చీతో సహా ఎక్కించారు. ఆమె దారినంతా ఒకసారి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది.

"ఎడమ పక్క వంకరగా వచ్చింది," అంది.

"ఆదివారం సరిచేసి వస్తాను."

"మంచు పడకపోతే రా."

వ్యాను పోయాక ఎల్మర్ చచ్చిన బండిని ఒక్కో అడుగూ నెట్టుకుంటూ గరాజులోకి చేర్చాడు. ఛార్జింగ్ పెట్టాడు. బొంత కప్పాడు. అప్పుడు వంటింట్లోకి వచ్చాడు. కిటికీ గట్టు మీద చెంచా ఉంది. పదహారేళ్లు అద్దాన్ని కొట్టి కొట్టి అంచు ఒక పక్క చదునైపోయింది. దాని గుంటలో ఒక్క కాఫీ చుక్క, ఇంకా ఆరలేదు.