పైనుంచి చూసిన నేల

ఠక్కు, ఠక్కు, ఠక్కు. మేస్త్రీ మోకాళ్ళ మీద కూర్చుని, తాపీ పిడితో ఒక్కొక్క ముక్కనూ తట్టి వింటున్నాడు. గట్టిగా కూర్చున్న ముక్క ఒకలా పలుకుతుంది, కింద బోలుగా ఉన్నది ఇంకోలా పలుకుతుంది. ఆ తేడా ఏమిటో చెప్పమంటే అతను చెప్పలేడు. నలభై రెండేళ్ళుగా అతని చెవి మాత్రం పొరబడలేదు. ఆఖరి వరసలో ఒక పచ్చ ముక్క దగ్గర చెయ్యి ఆగింది. వంగి, చెవి దాదాపు నేలకు ఆనించి మళ్ళీ తట్టాడు. బాగానే ఉంది. వెనక్కి జరిగాడు. నేల పరిచేవాడు ఎప్పుడూ వెనక్కే జరుగుతాడు, పరిచినదాన్ని చూసుకుంటూ, దాని మీద అడుగు పడకుండా.

అది కొత్తగా కట్టిన గ్రంథాలయంలో పెద్ద హాలు. ఎత్తైన కప్పు, నాలుగు స్తంభాలు, ఇంకా పుస్తకం ఎక్కని బీరువాలు. హాలంతా మామూలు బూడిదరంగు రాయి. సరిగ్గా నడిమధ్యలో మాత్రం పన్నెండడుగుల వలయం. ఏడు రంగుల రాతి ముక్కలు, పెంకు ముక్కలు, ఒకదాన్నొకటి తరుముకుంటున్నట్టు తిరిగే రేకలు. నలభై ఒక్క రోజుల పని. చివరి ముక్క పెట్టి వారమైంది. సందులు నింపడం, తుడవడం కూడా నిన్నటితో అయిపోయాయి.

మేస్త్రీ పొట్టి మనిషి. మెడ ముందుకు వంగిపోయి, నిలబడ్డా ఏదో వెతుక్కుంటున్నట్టే ఉంటాడు. మోకాళ్ళ మీద చర్మం నల్లగా, మందంగా, చెప్పు అడుగులా అయింది. సిమెంటుకు అరిగి అరిగి వేళ్ళ కొసలు ఎంత నునుపుదేరాయంటే, వేలిముద్ర యంత్రాలు అతన్ని మనిషిగా ఒప్పుకోవు. ఆఫీసులో గుమాస్తా పదిసార్లు వేలు నొక్కించి, విసుగెత్తి, "నీకు ముద్రలే లేవేంటయ్యా?" అని అడిగితే, "పనిచేసిన చోట ఉన్నాయి బాబూ, వెళ్ళి చూసుకోండి" అన్నాడట. అతను జీవితంలో కొట్టిన పెద్ద డాబు అదొక్కటే.

ఆ డాబు కూడా పూర్తిగా నిజం కాదు. అతను పరిచిన నేలలు చాలావరకు ఎవరికీ కనిపించవు. ఒకదాని మీద తివాచీ పడింది, ఒకదాని మీద అడ్డగోడ లేచింది, ఇంకోదాన్ని బీరువాలు మింగేశాయి. ఇప్పుడు దీని వంతు వచ్చింది. పోయిన వారం ఇంజినీరు గారు వచ్చి, పుస్తకాలిచ్చే కౌంటరు మూలన కాదు, మధ్యలోనే రావాలని నిర్ణయించారని చెప్పారు. గుండ్రటి చెక్క కౌంటరు, బోల్టులతో బిగించేది, ఇవాళ సాయంత్రం నాలుగింటికి వస్తుంది. మేస్త్రీ నేల వంక చూసి "అలాగే సార్" అన్నాడు. తనకోసమైతే అంతటితో ఊరుకునేవాడే.

ఊరుకోనిది అతని భార్య.

పెళ్ళయిన ఏడాది ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న నీలం పింగాణీ పళ్ళెం అతని చేతిలోంచి జారి నేల మీద పడింది. ఆమె ఆ రోజంతా ఏడ్చింది. అతనికి ఓదార్చడం చేతకాదు. ముక్కలన్నీ ఏరి ఒక డబ్బాలో వేసుకుని పనికి పోయాడు. సాయంత్రం వచ్చి, "నీ పళ్ళెం ముక్క ఒకటి బ్యాంకు నేలలో పెట్టాను. ఇంక అది పగలదు" అన్నాడు. ఆమె ఏడుపు మానేసి నవ్వింది. అప్పటినుంచి ప్రతి నేలలోనూ ఒక ముక్క. ఏ ముక్క ఎక్కడుందో ఆమెకు వరసగా నోటికొచ్చు. చూసింది ఒక్కటీ లేదు. బ్యాంకులో ఆమెకేం పని? రెండేళ్ళ కిందట తుంటి ఎముక విరిగాక, ఇప్పుడు గుమ్మం దాటడం కూడా లేదు.

నెల కిందట డబ్బాలో చెయ్యి పెడితే ఒకే ఒక్క ముక్క తగిలింది.

"ఇదే ఆఖరుదా?" అంది ఆమె.

"ఊఁ."

"అయితే దీన్నైనా నాకు చూపించు. ముక్క కాదు, నేల మొత్తం. ఎక్కడ పెట్టావో నేనే వెతుక్కుంటాను."

సరేనన్నాడు. భార్య ఏదైనా అడగడం అరుదు కాబట్టి ఆ మాట అతని గుండెలో బరువుగా కూర్చుంది. ఫొటో స్టూడియో ఉన్న బావమరిదిని పిలిచి, నిచ్చెనెక్కించి ఫొటో తీయించాడు. అది ఏటవాలుగా వచ్చింది. ఆమె చూసి చూసి, "గుండ్రంగా ఉంటుందన్నావు. ఇది కోడిగుడ్డులా ఉందేమయ్యా?" అంది. ఫొటోలో నిచ్చెన కాళ్ళు కూడా పడ్డాయి. మేస్త్రీ ఆ ఫొటోను మడిచి జేబులో పెట్టుకుని, మర్నాటి నుంచి కెమెరాను పైకెత్తే పొడుగాటి కర్ర పనిలో పడ్డాడు.

తొమ్మిదిన్నరకి బావమరిది కెమెరా సంచీతో వచ్చాడు. మాటకారి. అక్క మొగుడంటే ప్రాణం, కానీ ఆటపట్టించకుండా మాత్రం ఉండలేడు.

"జీవితమంతా కిందే చూశావు. అరవై దాటాక కళ్ళు నెత్తికెక్కాయా బావా?"

"నోరు తర్వాత. ముందు ఆ గొట్టం పట్టు."

గొట్టం అంటే మూడు గొట్టాలు. అడుగున, హాల్లో కరెంటు పని చేస్తున్న వైర్‌మన్ ఇచ్చిన లావుపాటి ఇనప గొట్టం, దాని లోపలికి దిగే ఇంకోటి, ఆ పైన రంగులవాళ్ళు గోడలకు వాడే అల్యూమినియం కర్ర. అతుకు దగ్గర సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, క్లాంపు వేసి బిగించాడు. మొత్తం పద్దెనిమిదిన్నర అడుగులు. దాన్ని మనిషి పట్టుకుంటే మనిషి ఫొటోలో పడతాడు. అందుకని మేస్త్రీ తనకు తెలిసిన పని చేశాడు. పాత బకెట్టులో కాంక్రీటు పోసి, అందులో ఒక పొట్టి గొట్టాన్ని వాలుగా నిలిపి, నాలుగు రోజులు నీళ్ళు పెట్టి గట్టిపరిచాడు. కర్ర మొదలు అందులో దిగితే కొస సరిగ్గా వలయం నడిమధ్యకి వస్తుంది. ఆ బకెట్టును వలయానికి మూడడుగుల అవతలికి పొద్దున్నే ఒక్కడే ఈడ్చాడు. అప్పటినుంచి ఎడమ భుజం గుంజుతోంది. అరచేత్తో ఒకటి రెండుసార్లు రుద్దుకున్నాడు.

వైర్‌మన్ కూడా చెయ్యి కలిపాడు. ఆరడుగుల పైన మనిషి, అవసరమైతే తప్ప మాట్లాడడు. ముగ్గురూ కలిసి కర్ర లేపి, బకెట్టులో దింపి, రెండు తాళ్ళు చెరో కిటికీ ఊచకీ కట్టారు. కెమెరా పైన ఊగి ఊగి ఆగింది. దించి చూస్తే ఫొటోలో సగం నేల, సగం బీరువా.

"నీ కెమెరా మెల్లకన్నుదా?" అన్నాడు మేస్త్రీ.

"కెమెరా నిక్షేపంలా ఉంది. నీ కర్రే వంగింది."

నిజమే. కెమెరా కోణాన్ని అతను కర్రను నేల మీద పడుకోబెట్టి కొలిచాడు. జీవితంలో ఏదైనా నేల మీద పెట్టే కొలిచాడు మరి. నేల వంగదు. పైకి లేపిన కర్ర బరువుకి వంగుతుందన్న సంగతి అతని బుర్రకు తట్టలేదు. తప్పు తెలిసి మేస్త్రీ చిన్నబోయాడు. మెట్ల మీద కూర్చుని భోజనం డబ్బా తెరిచి, రెండు ముద్దలు తిని మూసేశాడు. గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. కౌంటరు ఎక్కిన లారీ ఈపాటికి బయలుదేరే ఉంటుంది.

కూర్చున్నవాడు కూర్చున్నట్టే గోడకు వేలాడుతున్న, నిలువు సరిచూసే తన తూకం గుండు వంక చూశాడు. గోడ వంకరైనా, దారం కట్టిన చెయ్యి వంకరైనా, గుండు మాత్రం తిన్నగా కిందికే చూస్తుంది.

"బావమరిదీ, దాన్ని బిగించకూడదు. వేలాడదీయాలి."

ప్లైవుడ్ ముక్కకు కెమెరా కన్ను పట్టేంత గుండ్రటి బెజ్జం కోశాడు. నాలుగు మూలలకీ నాలుగు దారాలు, నాలుగూ సమానం, తక్కెడ పళ్ళెంలా. కెమెరాను బోర్లా పడుకోబెట్టి, పైనుంచి పట్టీతో కట్టి, రసమట్టం పెట్టి చూశాడు. బుడగ మధ్యలో నిలిచింది. కర్ర ఎంత వంగినా పళ్ళెం వంగదు. అతని ముఖం చూసి వైర్‌మన్ కూడా నవ్వాడు.

"పది సెకన్లకొకటి, దానంతటదే తీస్తుంది. మనం బయటికి పోతే చాలు" అన్నాడు బావమరిది.

"అందులో ఎవరూ పడకూడదు. నేను అసలే పడకూడదు. నేల ఒక్కటే రావాలి."

"నిన్నెవరు తీస్తారు బావా? నీ పెళ్ళి ఫొటోలో కూడా కిందికే చూస్తున్నావు."

కర్ర మళ్ళీ లేచింది. తాళ్ళు బిగిశాయి. పళ్ళెం కాసేపు ఊగి, మెల్లగా సద్దుమణిగింది. ముగ్గురూ గుమ్మం దగ్గర నిలబడ్డారు. పైన టిక్కుమంది. కాసేపాగి మళ్ళీ టిక్కు. కిటికీలోంచి ఎండ పక్కకి తప్పుకుంది. నేల మీద నీడ లేదు, దుమ్ము లేదు, మనిషి లేడు. ఎత్తున ఉన్న ఆ కన్ను చూస్తున్నదాన్ని ఊహించుకుంటూ మేస్త్రీ చాలాసేపు నిలబడిపోయాడు. అతనికి సంతోషంగా ఉంది.

పన్నెండో టిక్కో పదమూడో టిక్కో అయ్యాక అతని చూపు ఒకచోట ఆగింది.

"నీలం దాని మీద సున్నం మరక ఉంది."

"ఉంటే ఉండనీ బావా, కనిపించదు."

"ఆ ముక్కే కనిపించకపోతే ఎలా?"

జేబులోంచి గుడ్డ తీసుకుని, చెప్పులు విడిచి, వలయంలోకి నడిచాడు. ఎడమవైపు మూడో రేక చివర మోకాళ్ళ మీద వంగి, అక్కడ తుడిచాడు. ఉఫ్ మని ఊది, నునుపుదేరిన వేలి కొసతో ఒకసారి తడిమి చూశాడు. పైన టిక్కుమంది. లేచాడు. గుమ్మం వైపు రాబోయినవాడు ఎందుకో ఆగి, దగ్గర్లో ఉన్న స్తంభం దాకా వెళ్ళి, దానికి ఆనుకుని మెల్లగా కూర్చున్నాడు. కాళ్ళు చాపాడు. అలిసినప్పుడు అతను కూర్చునే తీరే అది. తల కొంచెం వంగి, చూపు నేల మీద.

"బావా, అక్కడ కూర్చుంటే పడతావు" అన్నాడు బావమరిది.

మేస్త్రీ పలకలేదు.

"కాళ్ళైనా ముడుచుకో బావా. ఫొటోలోకి వస్తున్నాయి."

టిక్కు. ముందు కదిలినవాడు వైర్‌మన్. వెళ్ళి, మేస్త్రీ చెయ్యి పట్టుకుని, వదిలిపెట్టకుండా అలాగే గొంతుక్కూర్చున్నాడు. తర్వాత బావమరిది చెప్పులతోనే వలయం మీదుగా పరుగెత్తాడు. వారం రోజులుగా దాని మీద చెప్పుకాలు పెట్టింది అతనొక్కడే. పైన కెమెరా తన పని తాను చేసుకుంటూనే ఉంది. ఎవరికీ దాన్ని ఆపాలన్న ధ్యాస లేదు.

నాలుగింటికి వచ్చిన లారీని ఇంజినీరు గారు వెనక్కి పంపించేశారు. కౌంటరు మూడో రోజున బిగించారు.

కొన్నాళ్ళకి బావమరిది ఫొటోలు తీసుకుని అక్క దగ్గరికి వచ్చాడు. అన్నిట్లోకీ శుభ్రమైనది ఎంచి, పెద్దది చేసి, అట్ట కట్టి తెచ్చాడు. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. ఏడు రంగులు, తిరిగే రేకలు, మచ్చ లేని వలయం.

"గుండ్రంగానే ఉంది" అంది. కాసేపటికి కళ్ళజోడు సరిచేసుకుని వెతకడం మొదలుపెట్టింది. రేక రేకా వేలితో వెతికింది. అంత ఎత్తు నుంచి గోరంత ముక్క ఎక్కడ కనిపిస్తుంది? నీలం ముక్కలు అందులో వందలున్నాయి. "దొరకలేదురా తమ్ముడూ" అంది, పోయినది ఆ ఒక్క ముక్కే అన్నట్టుగా.

చూపించకూడదనుకున్న ఫొటో ఒకటి అతని సంచీలో ఉంది. తటపటాయించి తీశాడు. అందులో మేస్త్రీ వలయం మీద మోకాళ్ళూని వంగి ఉన్నాడు. పైనుంచి పలచబడ్డ నడినెత్తి, వంగిన వీపు, వెనక్కి మడిచిన రెండు పాదాలు. చాచిన చెయ్యి, చేతి కింద గుడ్డ, గుడ్డ పక్కన వేలు. వేలి కొసన నీలం.

ఆమె అక్కడ తన వేలు పెట్టింది.

"ఇది పటం కట్టించు."

"ఇందులో బావ పడ్డాడక్కా. తను పడకూడదని మరీ మరీ చెప్పాడు. ఆయన మాట..."

"ఆయన మాట నేనెప్పుడు విన్నానని?" అంది ఆమె. నవ్వబోయి, అప్పుడు ఏడ్చింది, పళ్ళెం పగిలిన రోజు ఏడ్చినట్టే, ఆపుకోకుండా.

గ్రంథాలయం తెరిచారు. వైర్‌మన్ తన గొట్టాలు తను తీసుకుపోయాడు, రంగులవాళ్ళ కర్ర రంగులవాళ్ళకి చేరింది. బకెట్టును బయట పారేద్దామని ఇద్దరు మనుషులు ప్రయత్నించి, ఎత్తలేక, ఈడ్చి తలుపు పక్కన వదిలేశారు. అది దేనికో అక్కడ ఎవరికీ తెలియదు. బయట వాన పడుతోంది. కాంక్రీటులోంచి లేచిన పొట్టి గొట్టం హాలు మధ్యలో కౌంటరు వైపు వాలి ఉంది, అందులో ఎవరో దూర్చి వెళ్ళిన తడిసిన నల్ల గొడుగు.