మూడు మీద బొట్టు

తడిగుడ్డ మీటరు అద్దం దాకా రాగానే హనుమయ్య చెయ్యి దానంతటదే నెమ్మదించింది. అద్దం వెనక రెండు గుండ్రాలున్నాయి. కుడివైపుది బండి వేగం చెబుతుంది. ఎడమవైపుది ఇంజను వేగం. దాని మీద సున్నా నుంచి ఎనిమిది దాకా అంకెలు, ఒక్కో అంకెకి నిమిషానికి వెయ్యి చుట్లు. అందులో మూడో అంకె మీద, అద్దానికి అంటుకుని, పెసరగింజంత మందాన కుంకుమ బొట్టు ఉంది. గుడ్డను దాని చుట్టూ తిప్పాడు గాని బొట్టును తాకనివ్వలేదు. ఇరవై ఏళ్ళుగా దాన్ని ఎవరూ చెరపలేదు.

అది షావుకారు గోపాలకృష్ణయ్య స్వహస్తాలతో పెట్టిన బొట్టు. గురజాలలో ఎరువులు, పురుగుమందుల కొట్టు ఆయనది. ఏటా ఆయుధపూజ నాడు కాటాకూ ఇనప్పెట్టెకూ గుమ్మానికీ బొట్లు పెట్టి, ఆఖరున కారు దగ్గరికి వచ్చేవాడు. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్టు మీద పసుపు, స్టీరింగుకి గంధం అయ్యాక, తలుపు తీసి నడుం దాకా లోపలికి వంగి, గురి చూసి మూడు మీద పెట్టేవాడు. "ముల్లు దీన్ని దాటకూడదురా హనుమయ్యా. దాటితే ఇంజను అరుగుద్ది, పెట్రోలు తాగుద్ది," అనేవాడు. పాత బొట్టు మీదే కొత్త బొట్టు, దసరాకొకటి. కారు కొన్న రోజు షోరూము మనిషి చెప్పిన నలభై మాటల్లో, మూడు లోపల నడిపితే మైలేజీ బాగుంటుందన్న ఒక్క మాటను షావుకారు మూటగట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. మిగిలినవి ఆయనకు అక్కర్లేకపోయాయి.

ఆ మిగిలిన వాటిలో ఒకటి హనుమయ్య తెచ్చుకున్నాడు. అప్పుడతనికి ముప్ఫై ఆరేళ్ళు. షోరూము మెకానిక్కు అతణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని గుంటూరు బైపాసు మీదికి తీసుకెళ్ళి, "వీటెక్ ఇంజనన్నా ఇది. దీనికి రెండు గొంతులున్నయ్," అన్నాడు. ఇంజను ఊపిరి పీల్చే తలుపులు వాల్వులు. మామూలుగా అవి కొంచెమే తెరుచుకుని, వెంటనే మూసుకుంటాయి. అయిదు వేల చుట్లు దాటినప్పుడు మాత్రం ఆయిలు పైకి తన్ని ఒక చిన్న పిన్నును నెడుతుంది. అప్పుడు అవే తలుపులు ఇంకా వెడల్పుగా, ఇంకాసేపు తెరుచుకుంటాయి. అంతవరకూ ముక్కుతో గాలి పీల్చిన మనిషి పరుగులో నోరు తెరిచినట్టన్నమాట. ఇలా చెప్పి మెకానిక్కు రెండో గేరులో పెడలు అడుగంటా తొక్కాడు.

మూడు దాటింది, నాలుగు దాటింది. అన్ని కార్లలాంటి చప్పుడే. ఇంకే కారైనా ఆ పాటికి అలిసిపోయి, గేరు మార్చవయ్యా బాబూ అని మొత్తుకుంటుంది. ఇది అయిదు దగ్గర ఒక్క క్షణం గుటక వేసినట్టై, గొంతు మార్చింది. లో వోల్టేజీలో మూలుగుతున్న బోరు మోటారుకి ఒక్కసారిగా ఫుల్ కరెంటు వస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. స్టీరింగులో వణుకు పోయింది. సీటు వెనక నుంచి వీపును నెట్టింది. ముల్లు ఆరుకీ ఏడుకీ ఉరికింది, ఆ ఊపుకి హనుమయ్యకు గట్టిగా నవ్వొచ్చింది. తనకు నవ్వెందుకొచ్చిందో అతనికి ఇప్పటికీ తెలియదు. పెళ్ళినాడు కూడా అతను అలా నవ్వలేదని భార్య చెన్నమ్మ దెప్పుతూ ఉంటుంది.

గురజాల చేరాక మొదటి దసరాకే బొట్టు పడింది. ఆ దసరానాడే, "అయ్యా, దీనికి ఇంకో గొంతు ఉందండి," అని చెప్పబోయాడు. "ఉన్న గొంతు చాల్లే," అన్నాడు షావుకారు. అంతే, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఎత్తే మనిషి కాదు హనుమయ్య. ఎవరేమన్నా "అట్టాగేనండి" అనడమే అతనికి తెలిసిన జవాబు. షావుకారు రైలెక్కి విజయవాడ వెళ్ళినప్పుడు మాత్రం, నరసరావుపేట స్టేషనులో ఆయన్ని దింపి, కోటప్పకొండ రోడ్డు మీద ఒక్కసారి ఆ గొంతు విని వచ్చేవాడు. మొత్తం ఏడుసార్లు విన్నాడు. తొమ్మిదేళ్ళ కిందట షావుకారు రైలు ప్రయాణాలు మానేశాక అదీ లేదు.

రేపటితో కారు కాగితాలకు గడువు తీరిపోతుంది. పాత బండి, కొనేవాడు లేడు. షావుకారు కొడుకు యోగేశ్ గేర్లు లేని కొత్త కారు కొన్నాడు, అతనే నడుపుకుంటాడు. రేపు పొద్దున తుక్కు లారీ వస్తుంది. హనుమయ్య గోడౌను గేటు దగ్గర కూర్చోవాలట. దానికీ అట్టాగేనన్నాడు. అతని బాధల్లా ఒకటే. కారు పోయేలోగా ఆ గొంతు ఇంకొక్కసారి వినాలి. అందుకు ఇవాళ ఒక్కరోజే ఉంది.

షావుకారును ఇద్దరు పట్టుకుని తెచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టారు. రెండేళ్ళుగా వారానికి రెండుసార్లు నరసరావుపేటలో డయాలసిస్. మనిషి సగమైపోయాడు గాని, కారెక్కగానే మెడ చాచి బొట్టు వంక చూడటం మానలేదు. పిడుగురాళ్ళ దాటి, సున్నపు బట్టీల తెల్లదుమ్ములోంచి నాలుగు వరసల రోడ్డెక్కి, రాజుపాలెం, నెకరికల్లు మీదుగా యాభైలో పాకుతూ వెళ్ళారు. లారీలు హారన్లు కొట్టి దాటాయి. ఆటోలు దాటాయి. పత్తి బస్తాలేసుకున్న ట్రాక్టరు దాటి, దాని డ్రైవరు వెనక్కి తిరిగి మరీ జాలిగా చూశాడు.

ఆస్పత్రిలో ఎప్పుడూ షావుకారు కారు తాళాలు మొలలో దోపుకునే మంచమెక్కుతాడు. డ్రైవరు ఏసీ వేసుకుని నిద్రపోతాడని భయం. నాలుగు గంటలూ హనుమయ్య బయట వేపచెట్టు కింద కూర్చునేవాడు. ఇవాళ నర్సు నజీమా బయటికొచ్చి తాళాలు అతని చేతిలో పెట్టింది.

"తాతయ్యగారి చెయ్యి నిలవట్లేదు బాబాయ్. రెండుసార్లు కింద పడేసుకున్నారు. నీ దగ్గరుంచుకో."

"బీపీ ఎట్టుందమ్మా?"

"బాగా పడిపోతంది. డాక్టరుగారు యోగేశ్‌గారికి ఫోన్ చేసి చెప్పారు," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

హనుమయ్య తాళాల వంక చూస్తూ కాసేపు నిలబడ్డాడు. అవతల మనిషి ఆ స్థితిలో ఉంటే తనకీ కోరికేమిటని సిగ్గేసింది. అయినా కాళ్ళు కారు దగ్గరికి నడిచాయి. ఊరు దాటి కోటప్పకొండ రోడ్డెక్కాడు. ముందు ఎవరూ లేరని చూసుకుని, రెండో గేరులోకి దించి, పెడలు అడుగంటా తొక్కాడు. ముల్లు బొట్టు వెనక దూరి అవతలికొచ్చింది. నాలుగు దాటింది. అయిదు దగ్గర అతను ఊపిరి బిగబట్టాడు.

ఏమీ రాలేదు. అదే చప్పుడు ఇంకాస్త బొంగురుపోయింది, అంతే. సీటు నెట్టలేదు. అయిదున్నర దగ్గర బండి వగరుస్తూ ముందుకు పోనని మొండికేసింది. మళ్ళీ తొక్కాడు. మూడోసారి తొక్కాడు. తర్వాత ఒక మిరపతోట పక్కన ఆపి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుండిపోయాడు. తొమ్మిదేళ్ళుగా ఆ గొంతు లోపలే ఉందనుకుంటూ బతికాడు. ఉందో పోయిందో ఒక్కసారైనా చూడలేదు.

నరసరావుపేటలో మెకానిక్కు మస్తాన్‌వలి షెడ్డుకు కారును తీసుకెళ్ళాడు. మస్తాన్ బానెట్టెత్తి, ఆయిలు పుల్ల బయటికి లాగి, వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "ఇది ఆయిలా, తారా మామా?"

"కొట్లో ట్రాక్టర్లకమ్మే డబ్బా ఆయిలే పోయిస్తారు షావుకారు."

"అదీ సంగతి. పిన్నును నెట్టే ఆయిలు చిన్న జాలీలోంచి పైకి పోవాల. అది మూసకపోయుంటది. నెలకొక్కసారన్నా గట్టిగా తొక్కుంటే ఇంత గట్టిపడేది కాదు. పదిలంగా నడిపామనుకుంటారు. చంపుకున్నారు దీన్ని."

"బాగవుద్దా?"

"జాలీ విప్పి కడిగితే చాలు, గంటలో పని. డబ్బులొద్దులే, కూర్చో." మస్తాన్ పానా అందుకున్నాడు.

ఇంకొకరైతే కూర్చునేవారు. హనుమయ్య ఫోను తీశాడు.

"అడగటమెందుకు మామా? ఎవురికి తెలుసుద్ది?" అన్నాడు మస్తాన్.

"తెలవకపోయినా అడగాల గదా."

ఫోనులో యోగేశ్ గొంతు అలిసిపోయి ఉంది. "రేపు తుక్కుకు పోయే బండికి రిపేరేంది హనుమయ్యా? విప్పాక స్టార్ట్ కాకపోతే నాన్నని ఎట్టా తెస్తావ్? అసలే బాగాలేదంటన్నారు. దాన్ని ముట్టుకోమాకు."

అందులో తప్పేముంది? ఏమీ లేదు. తప్పుంటే హనుమయ్యకు కోపమన్నా వచ్చేది. "అట్టాగే బాబూ," అన్నాడు. మస్తాన్ పానా కింద పెట్టి, అతని వంక చూడకుండా చేతులు తుడుచుకున్నాడు.

మూడు గంటలకు షావుకారును స్ట్రెచరు మీద తెచ్చారు. నజీమా ఫ్లాస్కులో ఐసుముక్కలు వేసిచ్చింది. ఆయన నీళ్ళు తాగకూడదు. నాలుక ఎండినప్పుడు రెండు ముక్కలు నోట్లో వేయాలి, ప్రతిసారీ పిడుగురాళ్ళలో ఆపి వేయడం అలవాటు. కారు నెకరికల్లు దాటింది.

"రేపు లారీ వస్తదంటగా," అన్నాడు షావుకారు ఉన్నట్టుండి.

"వస్తదండి."

ఒక రాయి లారీ వాళ్ళను దాటి వెళ్ళిపోయింది.

"ఒరేయ్, దీనికింకో గొంతుందని అన్నావు నువ్వు."

ఇరవై ఏళ్ళ కిందటి మాట అది. ఆ మాట ఆయన చెవిన పడిందని కూడా అతను అనుకోలేదు.

"అన్నానండి."

"నేనినలా. ఓసారి వినిపించు."

ఎంత ఎదురుచూసిన మాట! రెండు గంటల ముందు అని ఉంటే మస్తాన్ కడిగి పెట్టేవాడు. తొమ్మిదేళ్ళ ముందు అని ఉంటే కడగాల్సిన పనే ఉండేది కాదు. "ఇప్పుడొద్దులెండి, మీకు బాగోలేదు," అన్నాడు హనుమయ్య.

"దాటించరా అంటే. బొట్టు పెట్టినోణ్ణి నేనే, చెబుతున్నా."

చెప్పేయొచ్చు. మీ బొట్టే దాన్ని చంపిందండి అనొచ్చు, అది నిజం కూడా. అద్దంలో చూస్తే, ఎండిపోయిన ఆ ముఖం ఏదో వినడానికి ఒక పక్కకు ఒరిగి ఉంది. హనుమయ్య మూడో గేరులోకి దించి తొక్కాడు. ముల్లు బొట్టు వెనక్కు పోయి అవతలికొచ్చింది. నాలుగు. అయిదు. ఇంజను బొంగురుగా అరుస్తోంది, కారంతా అదురుతోంది. అతను పాదం తియ్యలేదు.

"వచ్చిందా?" అన్నాడు షావుకారు కళ్ళు మూసుకుని.

"వచ్చిందండి."

"ఆఁ... ఇనపడతంది." కాసేపాగి, "బాగుందిరా," అన్నాడు. ఇంకాసేపటికి, "ఊరికే ఆపా నిన్ను," అన్నాడు.

హనుమయ్యకు రోడ్డు కనపడలేదు. భుజంతో కళ్ళు తుడుచుకుని, మెల్లగా పాదం ఎత్తి, ముల్లును బొట్టు కిందికి దించాడు. షావుకారు ఏం విన్నాడో అతనికి తెలియదు. అడగాలనుకున్నాడు. పిడుగురాళ్ళలో అడుగుదామనుకున్నాడు.

పిడుగురాళ్ళలో ఎప్పుడూ ఆపేచోటే ఆపి, ఫ్లాస్కు మూతలో రెండు ముక్కలు వేసుకుని వెనక తలుపు తీశాడు. "అయ్యా, ఐసండి." షావుకారు నోరు తెరవలేదు. మళ్ళీ పిలిచాడు. ముక్కు దగ్గర వేళ్ళు పెట్టి చూశాడు. మూత సీటు మీద పెట్టి, దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి పరిగెత్తాడు. డాక్టరు కారు దాకా వచ్చి, చెయ్యి పట్టుకుని, కళ్ళలోకి లైటు వేసి చూసి, "అయిపోయింది. అరగంట అయ్యుంటది," అన్నాడు. ఇంట్లోవాళ్ళకు చెప్పమని వెళ్ళిపోయాడు.

హనుమయ్య ఫోను చేసి యోగేశ్‌కు చెప్పాడు. "నిదానంగా తీసకరా," అన్నాడు యోగేశ్. గురజాల దాకా హనుమయ్య నిదానంగానే వచ్చాడు. ఇక అడిగేవాళ్ళెవరూ లేరు, అయినా ముల్లు మూడు దాటలేదు. దారిపొడుగునా అన్ని బండ్లూ దాటిపోయాయి.

షావుకారును లోపలికి మోసుకెళ్ళాక ఇంట్లో ఏడుపులు లేచాయి. వాకిట్లో కారు నాలుగు తలుపులూ తెరిచే ఉంది. హనుమయ్యను పిలిచేవాళ్ళు లేరు, తాళాలు అడిగేవాళ్ళు లేరు. చేసేదేమీ లేక అతను తడిగుడ్డ తెచ్చాడు. వెనక సీటు మీద ఫ్లాస్కు మూతలో ఐసు కరిగి నీళ్ళయి ఉంది. ఆ నీళ్ళు పారబోసి, సీటు తుడిచి, ముందుకొచ్చి డాష్‌బోర్డు తుడిచాడు. అద్దం దగ్గర అతని చెయ్యి దానంతటదే నెమ్మదించింది. బొట్టు గోటితో గీకితే ఊడొచ్చేస్తుంది. గుడ్డను దాని చుట్టూ తిప్పి చెయ్యి తీసేసుకున్నాడు. ముల్లు సున్నా మీద పడుకుని ఉంది. మూడు మీద ఈ దసరాకి పెట్టిన బొట్టు ఇంకా ఎర్రగానే ఉంది.