జంట కిటికీల మధ్య పెట్టె

పందిని కోసిన రోజు మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు ఒక పట్టాన మూతపడదు. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఇగ్నాత్ పండుగ నాడు కోస్తాం. నెత్తురు, పేగులు, కాళ్ళు, చెవులు, దేన్నీ వదలం. తిండి పారేస్తే పాపమని మా అమ్మ చెప్పేది. డెబ్భై ఒక్కేళ్ళు వచ్చాయి నాకు. ఈ రఫీలా ఫలానా వస్తువు పారేసిందని మా ఊళ్ళో ఒక్కడు వేలెత్తి చూపించమనండి చూద్దాం.

ఆ సాయంత్రం నెత్తురు సాసేజీల చుట్టలు పెట్టడానికి ఫ్రిజ్‌లో చోటు చాల్లేదు. తలుపు అరలో నా కోడలు ఓతీలియా ఇన్సులిన్ పెట్టె ఉంది. ఆ పిల్లకు పదకొండో ఏట నుంచీ చక్కెర జబ్బు. తిండికి ముందు ఒక రకం సూది, పడుకునే ముందు ఇంకో రకం. వాడుతున్నవి రెండూ ఎప్పుడూ తన సంచిలోనే ఉంటాయి. పెట్టెలో ఉన్నవి తిండికి ముందు వేసుకునే రకం, మందు నింపిన సూది పెన్నులు నాలుగు, ఇంకా తెరవనివి. నేను ఆ పెట్టె తీసి వంటింటి కిటికీలో పెట్టేశాను. మా కొండల్లో కిటికీకి రెండు వరుసల అద్దాలుంటాయి, మధ్యన జానెడు చోటు. శీతాకాలం వెన్నా పాలూ అక్కడే పెడతాం. చల్లగా ఉండాలంది కదా, ఇంతకంటే చల్లటి చోటెక్కడ దొరుకుతుంది అనుకున్నాను.

"గడ్డ మాత్రం కట్టకూడదత్తా" అని కూడా చెప్పింది, ఒకసారి కాదు పదిసార్లు. కోడలి మాటల్లో సగమే చెవిన వేసుకోవడం నాకు అలవాటు.

నా కొడుకు గవ్రిల రోడ్డు మీద మంచు తోసే బండి నడుపుతాడు. పంది పని అవగానే, మబ్బు పట్టిందని వాణ్ణి డ్యూటీకి పిలిచారు, కనుమ దిగి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి రెండు రోజులు ఆగకుండా మంచు కురిసింది. కరెంటు పోయింది. దాని వెనకే ఫోను కూడా. మూడో రోజు తెరిపి ఇచ్చింది కానీ చలి బిగుసుకుంది. ఎదురింటి నికొదిమ్ ముసలాడు మేడ మీది కిటికీలోంచి అరిచాడు:

"ఏమే రఫీలా! వంతెన పైన మంచుచరియ విరిగిపడిందట, రేడియోలో చెప్పారు! కొండంత! దారి తీసేటప్పటికి నీకు ఇంకో పెళ్ళి కూడా అయిపోతుంది!"

"నిన్ను మాత్రం చేసుకోను, పోరా!" అని నేనూ అరిచాను. అప్పటికింకా నవ్వే ఓపిక ఉంది.

తలుపు బయట ఛాతీ ఎత్తు మంచు. పశువుల కొట్టం వరకు ఓతీలియా ఒక కాలువలా తవ్వింది. మా లోకమంతా ఆ కాలువే. ఆమె పాలు పితకడానికి వెళ్ళినప్పుడు, వెన్న కోసం నేను లోపలి అద్దం తెరిచాను. పాలు గడ్డకట్టి సీసా పగిలి ఉంది. పక్కనే పెట్టె. ఒక పెన్ను తీసి వెలుతురులో పెట్టి చూశాను. లోపల తెల్లటి గడ్డ.

ఏం చేశానో దాచకుండా చెబుతాను. నాలుగింటినీ రవికెలో దోపుకుని పొయ్యి పక్కన కూర్చున్నాను. ఓతీలియా రెండో ఆవు పాలు పితికేలోపే అవి కరిగిపోయాయి. నీళ్ళలా తేటగా ఉన్నాయి, మరకా లేదు, తరకా లేదు. సాసేజీ చుట్ట ఒకటి బయటికి లాగి, పెట్టెను ఫ్రిజ్ తలుపు అరలో ఎప్పటిలాగే పెట్టేశాను. ఏమీ జరగలేదని నాకు నేనే చెప్పుకున్నాను.

కానీ నేను రైతు బిడ్డను. ఒకసారి గడ్డకట్టిన బంగాళాదుంప కరిగాక పైకి బాగానే కనబడుతుంది. నాటితే మొలవదు. అది నాకు ఆరేళ్ళప్పుడే తెలుసు.

ఆ రోజు నుంచి తేలు కుట్టిన దొంగలా తిరిగాను. చెబుదామని నోరు తెరిస్తే పాత గొడవలన్నీ గుర్తొచ్చేవి. ఓతీలియా ఒక పెన్ను తెరిచిన రోజున దాని మీద కాగితం అంటించి తారీఖు వేస్తుంది. ఇరవై ఎనిమిది రోజులు అవగానే, లోపల మందు మిగిలి ఉన్నా సరే, పక్కన పడేస్తుంది. "జామ్ సీసాలకి వేసినట్టు తారీఖులొకటి! ఎంత దుబారా మనిషివే నువ్వు" అని ఎన్నిసార్లు దెప్పానో లెక్కలేదు. అలాంటి నేను, నాలుగు పెన్నులు నాశనం చేశానని ఏ మొహంతో చెప్పను? ఇవాళ దారి తెరుస్తారు, గవ్రిల కొత్తవి తెస్తాడు, ఎవరికీ తెలియదు అనుకుంటూ రోజూ కిటికీ దగ్గర నిలబడేదాన్ని. అద్దం మీద మంచు పూలు తప్ప ఏమీ కనబడేది కాదు. కుడితిలో పడ్డ ఎలుక బతుకైంది నాది.

అయిదో రోజు పొద్దున ఓతీలియా సంచిలోంచి పెన్ను తీసి కాగితం చూసింది.

"నిన్నటితో దీని గడువు అయిపోయిందత్తా. నలభై ఆరు యూనిట్లు ఉండిపోయాయి. తిట్టాలనుంటే తిట్టు, వింటాను."

నేను తిట్టలేదు. ఆమె వింతగా నా వైపు చూసి, ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి కొత్త పెన్ను తెచ్చింది. అరచేతుల మధ్య కాసేపు పెట్టుకుని, చల్లదనం పోగొట్టింది. సూది బిగించింది. రెండు యూనిట్లు గాలిలోకి వదిలింది. సూది మొనన చుక్క మెరిసింది. బల్ల మీద వేడి వేడి మొక్కజొన్న సంకటి. ఆమె స్వెట్టరు పైకెత్తి పొట్ట మీద చర్మం పట్టుకుంది.

"ఆగవే!" అన్నాను. అరిచాననుకుంటా. "వద్దు, పొడుచుకోకు. అది గడ్డకట్టింది."

"ఏది గడ్డకట్టింది?"

"మందు. నాలుగూనూ. పంది కోసిన రోజు చోటు లేక కిటికీలో పెట్టాను."

ఓతీలియా పెన్నును వెలుతురులో పెట్టి చూసింది. "బాగానే ఉందే. ఫ్రిజ్‌లోనే ఉందిగా."

"నేనే కరిగించి తిరిగి పెట్టాను. మొన్న."

ఆమె స్వెట్టరు దించుకుంది. సూది విప్పి పెన్నును బల్ల మీద పెట్టింది. అరిచి ఉంటే బాగుండేది. అరుపులకు నా దగ్గర జవాబులున్నాయి.

"కిటికీలో పెట్టడం పొరపాటత్తా," అంది చివరికి. "మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టావే, దాన్నేమంటారు?"

ఏడిచాను. ఆమె ఓదార్చలేదు, ఓదార్చాల్సిన పనీ లేదు.

"ఇప్పుడు ఏడిస్తే ఏం లాభం? ఇలా కూర్చో. వీటిని ఖాళీ చెయ్యి."

"పారేయాలా?"

"నలభై ఆరు యూనిట్లున్నాయి నాకు. ఒక రోజు గడువు దాటినా, అది చలీ ఎండా తగలకుండా ఉంది, రక్తం చుక్క చూసుకుంటూ దాంతో నెట్టుకొస్తాను. ఇవి మాత్రం పనిచేస్తాయో లేదో దేవుడికే తెలియాలి. కళ్ళముందు ఉన్నాయంటే, ఆఖరి రోజు నాకే ఆశ పుడుతుంది. పొడుచుకుంటాను. పని చేసిందనుకుని తింటాను. ఆ తర్వాత నన్ను ఈ మంచులో ఏ డాక్టరు దగ్గరికి మోస్తావు? కానీ, తిప్పు."

తిప్పాను. పెన్ను చివరి మర అరవై అంకె దాకా తిప్పి నొక్కితే బూడిద బకెట్లోకి సన్నటి ధార. ఒక్కో పెన్నుకు అయిదుసార్లు. ఇరవైసార్లు నొక్కాను. ఆ టిక్కు టిక్కుమనే చప్పుడు ఆగేదాకా ఆమె ఎదురుగా కూర్చునే ఉంది. నా జన్మలో నేను పారేసిన మొదటి వస్తువు అదే.

అప్పటి నుంచి సంకటి లేదు, రొట్టె లేదు, బంగాళాదుంప లేదు. పందిమాంసం, గుడ్లు, పులిసిన క్యాబేజీ. ఏ పంది కోసమైతే ఆ పెట్టెను బయటికి గెంటానో ఆ పందే ఇప్పుడు కోడలికి దిక్కయింది. పడుకునే ముందు వేసుకునే మందు సరిపడా ఉంది, అది మానకూడదు. తిండి ముందుది మాత్రం పూటకు రెండు, మూడు యూనిట్లు. మిగిలిన ఆ ఒక్క పెన్నును గుడ్డసంచిలో వేసి, చలికి గట్టిపడకుండా స్వెట్టరు లోపల, చొక్కా మీద వేలాడేసుకుంది. రక్తం చూసే యంత్రం చలికి పనిచేయకపోతే దాన్నీ ఒళ్ళో పెట్టుకుని వేడి చేసేది.

నేనూ సంకటి మానేశాను.

"నా ముందు సన్యాసం చెయ్యకత్తా," అంది. "నువ్వు పస్తుంటే నా చక్కెరేం దిగదు. తిను."

తిన్నాను. ఆమె మొహం పీక్కుపోతోంది, పెదాలు ఎండుతున్నాయి, మాటిమాటికీ నీళ్ళు తాగుతోంది. నా మనసులో ఒకటే లెక్క: ముప్ఫై ఒకటి, ఇరవై నాలుగు, పదహారు. నికొదిమ్ పొద్దున్నే కిటికీలోంచి "ఇంకా బతికే ఉన్నారా?" అని పిలిచేవాడు. నవ్వులాటకే. నేను మాత్రం కిటికీ మూసేసేదాన్ని.

పదో రోజు మధ్యాహ్నం, పెన్నులో నాలుగు యూనిట్లు ఉండగా, కొండ కింది నుంచి బండి మోత వినబడింది. మంచు గోడను పగలగొట్టుకుంటూ గవ్రిల వచ్చాడు. గడ్డం నిండా మంచు. చొక్కా లోపలి నుంచి మందుల పెట్టె తీసి భార్య చేతిలో పెట్టాడు.

"దారి మూసుకోగానే కొన్నాను, ఎందుకైనా మంచిదని. ఏంటే ఇలా చిక్కిపోయావు? పెట్టె నిండా ఉన్నాయిగా, ఏమయ్యాయి?"

ఓతీలియా నా వైపు చూడలేదు. "చలికి గడ్డకట్టాయి," అంది. అంతే.

ఆ ఒక్క మాటతో నేను బయటపడొచ్చు. చలి మీదికి పోయింది నేరం. గవ్రిల తల ఊపి బూట్లు విప్పుకోసాగాడు కూడా.

"కిటికీలో పెట్టింది నేను," అన్నాను. "కరిగించి, చెప్పకుండా ఫ్రిజ్‌లో పెట్టిందీ నేనే. ఓతీలియా ఇంకాస్తలో పొడుచుకునేది."

వాడు ఒక బూటు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మర్నాడు మాట్లాడాడు, తల్లిని కదా.

ఓతీలియా ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎప్పటిలాగే నవ్వుతుంది, నా నడుము నొప్పికి తైలం రాస్తుంది. ఆ మందు ఇప్పుడూ ఫ్రిజ్ తలుపు అరలోనే ఉంటుంది. పంది కోసే రోజుల్లో సాసేజీలే కిటికీలోకి పోతాయి. కొత్త పెన్ను తీసిన ప్రతిసారీ ఆమె ఆగి అడుగుతుంది:

"అత్తా, ఇదెక్కడుంది ఇన్నాళ్ళూ?"

"ఫ్రిజ్‌లోనే," అంటాను.

ఆమె పెన్నును వెలుతురులో పెట్టి చూడదు. నా మొహం చూస్తుంది. ఆ తర్వాతే సూది బిగిస్తుంది.