రేటు మారదు

గోంగూర కాడల నుంచి ఆకులు తుంచుతోంది సృజన. ఎదురుగా కూర్చున్న రంజన ఆంటీ చేతులు ఆమెకంటే రెండింతలు వేగంగా ఆడుతున్నాయి. ఆ గోంగూర ఆంటీ పెరట్లోదే. ఆవిడ దాన్ని ఖట్టా భాజీ అంటుంది. ఫిజీ నుంచి ఆస్ట్రేలియాలోని ఈ స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌కి వచ్చి స్థిరపడిన మనిషి. తాతముత్తాతలు తీసుకెళ్ళిన తెలుగు ఆవిడ నోట్లో హిందీనీ ఇంగ్లీషునీ కలుపుకుని ఇంకా బతికే ఉంది.

"ఏం బేటీ, నీ దీవిలో బ్యాంకులు మూసేశారా?"

"మూసేశారు ఆంటీ. మనకి శుక్రవారం తెల్లారినా అక్కడ ఇంకా గురువారం సాయంత్రమే."

"పైన కోటు, కింద పైజామా! కిచెన్‌లో కూర్చుని ఒక దేశాన్ని నడుపుతావు నువ్వు."

సృజన నవ్వాలని చూసింది. కరీబియన్‌లోని సెయింట్ మార్సెల్ అనే చిన్న దీవి దేశానికి కేంద్ర బ్యాంకు ఉంది. దానికి ఆమె సలహాదారు. పనంతా ఇంట్లోంచే, వీడియో సమావేశాల్లో. ఆమె నోట ఆ దీవి పేరు వినీ వినీ ఆంటీ కొడుకు అవ్నీల్ అక్కడి హోటల్లో వంటపని వెతుక్కుని వెళ్ళాడు.

"అవ్నీల్ ఫోన్ చేసాడు," అంది ఆంటీ. "ఇక్కడ ఇల్లు కొనడానికి ముందు కట్టే పైసలు జమ అయ్యాయి అంట. అంతా అక్కడి డాలర్లే. రేపు పొద్దున బ్యాంకుకి పోయి పంపేస్తా అంటున్నాడు. అక్కడ క్రిస్మస్ దాకా టర్మ్ డిపాజిట్‌లో వేసాడు, మధ్యలో బ్రేక్ చేస్తే ఇంట్రెస్ట్ పోతుంది కదా? అందాకా ఆగమన్నా నేను. రేటు మారదు కదా బేటీ?"

సృజన చెయ్యి ఆకు మీదే ఆగిపోయింది.

ఆమె పుట్టకముందు నుంచీ ఒక అమెరికా డాలరుకి రెండు సెయింట్ మార్సెల్ డాలర్లు. శుక్రవారం సాయంత్రం అక్కడి బ్యాంకులు మూతపడ్డాక అది మూడు కాబోతోంది; అక్కడి డబ్బు విలువలో మూడో వంతు పోతుంది. ఆ సంగతి తెలిసినవాళ్ళు బహు కొద్దిమంది. మొన్నటి సమావేశం ముగిస్తూ బ్యాంకు గవర్నర్ అందరికీ చెప్పిన మాట ఒకటే: ఎవరైనా అడిగితే, ఎప్పుడూ చెప్పేదే చెప్పండి.

ఆంటీ ఈ ప్రశ్న ఇంతకుముందూ అడిగింది. అడిగినప్పుడల్లా సృజన నవ్వి మారదనేది. అప్పుడది నిజం. ఇవాళ "చెప్పకూడదు ఆంటీ" అంటే చాలు, చెప్పేసినట్టే. అవ్నీల్ నోట్లో నువ్వుగింజ నానదు. తెల్లారేసరికి హోటలంతా బ్యాంకు ముందుంటుంది. పెద్ద ఖాతాల వాళ్ళు అంతకన్నా ముందే ఫోన్ల మీద డబ్బు దేశం దాటించేస్తారు. చివరికి దీవికి గోధుమపిండీ మందులూ కొనడానికి కూడా అమెరికా డాలర్లు మిగలవు. ఆ హెచ్చరిక నివేదికలో రాసింది తనే.

"ఎనభై ఏడులో మా మామగారు లౌటోకాలో ఇల్లు అమ్మాడు," ఆంటీ తల ఎత్తకుండానే చెబుతోంది. "మంచిరోజు చూసి పైసలు ఇక్కడికి పంపుదాం అన్నాడు. ఇంతలో ఫిజీ డాలరు పడింది. కొన్ని నెలలకి మళ్ళీ పడింది. అప్పుడు మాకు చెప్పేవాడు ఒక్కడూ లేడు. ఇప్పుడు నువ్వు ఉన్నావు."

సృజనకి కాన్పయిన రోజుల్లో ఊరి నుంచి అమ్మ రాలేకపోతే, నెల రోజులు పథ్యం వండి పెట్టింది ఈవిడే.

"మారదు ఆంటీ," అంది సృజన.

ఆంటీ అక్కడికక్కడే కొడుక్కి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టింది. "రేపు పోవద్దు బేటా. సృజన చెప్పింది."

"నో వర్రీస్, మమ్. రేపు పొద్దున హాయిగా పడుకోవచ్చు. థాంక్స్ దీదీ!"

సృజన లేచి కుళాయి తిప్పింది. ఒకసారి కడిగిన ఆకులనే మళ్ళీ కడిగింది.

ఇక్కడ శనివారం పొద్దున ప్రకటన వచ్చింది. తనే ఆంటీ ఇంటికి వెళ్ళాలని సృజన రెండుసార్లు చెప్పులు వేసుకుని విప్పేసింది. అంతలో ఆవిడే వచ్చింది. జుట్టు ముడి కూడా వేసుకోలేదు. చేతిలోని ఫోనులో అవ్నీల్ పంపిన వార్త.

కుర్చీలో కూలబడి, సృజన ముఖం చూసి, ఆమె చెయ్యి పట్టుకుంది.

"నీక్కూడా చెప్పలేదా బేటీ వాళ్ళు? ఎలాంటి మనుషులు! రాత్రీ పగలూ వాళ్ళ పని చేస్తావు కదా నువ్వు. నువ్వు బాధపడకు. నీ తప్పేం ఉంది?"

ఊఁ అంటే చాలు. ఆంటీ నమ్ముతుంది. రేపటి నుంచి మళ్ళీ మామూలే.

"నాకు తెలుసు ఆంటీ."

"ఏం తెలుసు?"

"మారుతుందని. మీరు అడిగినప్పుడే తెలుసు."

ఆంటీ ఆ మాటని ముందు పూర్తిగా అందుకోలేదు. అందాక, సృజన చేతి మీదున్న తన చేతిని నెమ్మదిగా వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"చెప్పి ఉంటే, ఆంటీ, అక్కడ మిగతావాళ్ళందరికీ..." అని మొదలుపెట్టింది సృజన. నివేదికలో అంత బలంగా నిలబడ్డ కారణం ఈ బల్ల దగ్గర సగంలోనే ఆగిపోయింది.

ఆంటీ ఆమెను తేరిపార చూసింది. ఆ చూపులో కోపం ఉంటే సృజన భరించేదేమో. ముక్కూ మొహం తెలియని మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత బల్ల మీద చెయ్యి ఆన్చి లేచి, కొంగు సర్దుకుని బయటికి వెళ్ళిపోయింది.